బ్లాకాఫీసు ఎక్కడండీ?

అడగండి, చెబుతాను: పాఠకుల ప్రశ్నలు, ఒక రిటైర్డ్ గుమాస్తా జవాబులు

పోయిన సంచికలో రేషన్ కార్డుల గురించి రాస్తూ, మాటవరసకి 'అప్పట్లో నేను సమితిలో పనిచేసేవాణ్ణి' అన్నాను. అంతే. రేషన్ కార్డుల సంగతి ఎవరికీ పట్టలేదు గానీ సమితి మీద మాత్రం ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. సగం మంది సమితి అంటే ఏమిటని అడిగారు. మిగతా సగం మంది సమితుల్లో పనిచేసిన వాళ్ళందరినీ, నాతో కలిపి, నాలుగు తిట్టారు. ఈసారి ఇద్దరికీ జవాబు చెబుతాను. ఎవరి పేర్లూ వేయడం లేదు, ఊళ్ళు మాత్రం వేస్తున్నాను.

తణుకు నుంచి ఒక పాఠకురాలు: మా నాన్నగారు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఈమధ్యే పోయారు. ఆయన ట్రంకుపెట్టెలో 1963 నాటి నియామకపు ఉత్తర్వు దొరికింది. 'పంచాయతీ సమితి ఎలిమెంటరీ పాఠశాల' అని ఉంది, కింద బీడీవో సంతకం. సమితి అంటే తాలూకానా, మండలమా? మా అబ్బాయి నెట్‌లో వెతికితే ఐక్యరాజ్య సమితి వస్తోంది!

అమ్మా, మీ అబ్బాయి మరీ పైకి వెళ్ళిపోయాడు. కాస్త కిందికి దిగాలి.

సమితి అంటే తాలూకా కాదు, మండలమూ కాదు. తాలూకా రెవెన్యూ వాళ్ళది. శిస్తు, పట్టా, కులం సర్టిఫికెట్టు లాంటి పనులు అక్కడ. దానికి పెద్ద తహసీల్దారు. సమితి అభివృద్ధి పనులది. బడి, బావి, రోడ్డు, ఎరువు, పశువుల ఆసుపత్రి ఇక్కడ. దీనికి ఆఫీసరు బీడీవో, అంటే బ్లాకు అభివృద్ధి అధికారి. ఆయన పైన ఎన్నికైన ప్రెసిడెంటు. ఒకే ఊరి రైతు శిస్తు కట్టడానికి ఒక దిక్కుకి, విత్తనాల కోసం ఇంకో దిక్కుకి నడిచేవాడు.

ఈ 'బ్లాకు' అనే మాట ఎక్కడిదంటారేమో. 1952 అక్టోబరు 2న, గాంధీగారి జయంతి రోజున, దేశంలో సమాజ వికాస పథకం మొదలుపెట్టారు. దేశం మొత్తాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి బ్లాకు అని పేరు పెట్టారు. ఒక్కో బ్లాకులో సుమారు నూరు ఊళ్ళు, అరవై డెబ్బై వేల జనం. ఒక్కో బ్లాకుకి ఒక బీడీవో, వ్యవసాయానికీ పశువులకీ సహకార సంఘాలకీ వేరువేరు విస్తరణాధికారులు, ఊళ్ళు తిరగడానికి పదిమంది గ్రామసేవకులు. డబ్బు లెక్క కూడా చెబుతాను, మీ నాన్నగారి కాలం నాటిది: మొదటి దశలో బ్లాకుకి ఐదేళ్ళకి 12 లక్షలు, రెండో దశలో ఐదేళ్ళకి 5 లక్షలు. ఇవాళ ఆ డబ్బుకి ఊళ్ళో ఒక సిమెంటు రోడ్డు పడుతుందో లేదో. ఆ రోజుల్లో దాంతోనే బావులు తవ్వారు, కల్వర్టులు కట్టారు, బడులకి పెంకులు కప్పారు.

అయితే అంతా ఆఫీసర్లే చేసేవారు, జనం చూస్తూ కూర్చునేవారు. గ్రామసేవకుడు వచ్చి కంపోస్టు గొయ్యి తవ్వమంటే ఆయన మొహమాటం కోసం తవ్వేవారు, ఆయన సైకిలు మలుపు తిరగ్గానే పూడ్చేసేవారు. ఇదేమిటో చూడమని కేంద్రం 1957 జనవరిలో బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ ఏడాది నవంబరులోనే రిపోర్టు వచ్చింది. ఎన్నికైన సంస్థ చేతికి అధికారమూ డబ్బూ ఇవ్వకపోతే ఇది జనం పని అనిపించుకోదు, ఊరికి పంచాయతీ, బ్లాకుకి సమితి, జిల్లాకి పరిషత్తు ఉండాలి అన్నారు. దాన్ని పట్టుకుని మన రాష్ట్రం 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం చేసింది. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆ ఏడాది నవంబరు 1 నుంచి బ్లాకు అంతా పంచాయతీ సమితి అయిపోయింది. పేరు మారిందే గానీ జనం నోట్లో 'బ్లాకు' పోలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇక మీ నాన్నగారి కాగితం. ఆ చట్టంతోనే ప్రాథమిక పాఠశాలలు సమితుల కిందికీ, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తుల కిందికీ వచ్చాయి. అందుకే ఆయన ఉత్తర్వు మీద బీడీవో సంతకం. మీ ఊరి బడి బోర్డు ఒకసారి చూడండి, 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అని ఉంటుంది. 1987కి ముందు అదే బోర్డు మీద 'పంచాయతీ సమితి' అని ఉండేది. హైస్కూలు ఇప్పటికీ జెడ్పీ హైస్కూలే. సర్కారు టీచర్లకీ పరిషత్తు టీచర్లకీ ఏకీకృత సర్వీసు రూల్స్ కావాలని ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్న గొడవ ఉంది చూశారూ, దాని వేరు ఇక్కడే ఉంది. మీ నాన్నగారు సర్కారు టీచరు కాదు, సమితి టీచరు. జీతం డబ్బు సర్కారుదే, యజమాని మాత్రం సమితి.

ఫ్యామిలీ పెన్షన్ పని కోసం ఈ కాగితం అక్కర ఉంటే, ఆయన చివరిగా పనిచేసిన మండలంలో సర్వీసు రిజిస్టరు ఎక్కడుందో అడగండి. 'సమితి నాటిది' అని చెప్పండి. పాత గుమాస్తా ఎవరైనా ఉంటే వెంటనే లేచి బీరువా వైపు నడుస్తాడు.

షాద్‌నగర్ నుంచి ఒక పాఠకుడు: పంచాయతీ రాజ్ మా ఊళ్ళోనే పుట్టిందని మా పెద్దలు చెబుతారు. నెహ్రూ వచ్చి ప్రారంభించాడట. నిజమేనా? మొదటిది మాదేనా?

నెహ్రూ రావడం నిజమే తమ్ముడూ. 1959 అక్టోబరు 11, ఆదివారం. మొదటిది మాత్రం మీది కాదు. అంతకు తొమ్మిది రోజుల ముందు, అక్టోబరు 2న, రాజస్థాన్‌లోని నాగౌర్‌లో ఆయనే ప్రారంభించారు. దేశంలో పంచాయతీ రాజ్ తెచ్చిన రాష్ట్రాల్లో మనది రెండోది. దక్షిణాదిలో మొదటిది అని చెప్పుకోండి, ఎవరూ కాదనరు.

ఇంకో చిన్న తమాషా ఉంది. మీ ఊరు షాద్‌నగరే గానీ మీ మండలం పేరు ఫరూఖ్‌నగర్. నెహ్రూ వచ్చిన నాడు మీది మహబూబ్‌నగర్ జిల్లా. జిల్లాల విభజనలో రంగారెడ్డి జిల్లాలోకి వెళ్ళారు. అది జరిగిన తేదీ 2016 అక్టోబరు 11. నెహ్రూ వచ్చిన తేదీనే. ఎవరూ కావాలని పెట్టింది కాదు, ఆ ఏడు దసరా ఆ రోజు పడింది, అంతే. క్విజ్ పోటీల్లో పనికొస్తుందని చెప్పాను.

నందిగామ నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు: సమితుల్ని మీరు పొగుడుతున్నారు. మా బతుకులు ఏమయ్యాయో తెలుసా? ప్రెసిడెంటుకి నచ్చకపోతే బదిలీ. సర్పంచికి నమస్కారం పెట్టకపోతే బదిలీ. ఆ ఉత్తర్వులు టైపు చేసింది మీలాంటి గుమాస్తాలే కదా?

అవును మాస్టారూ. టైపు చేసింది నేనే. మీది కాదనుకుంటాను, కానీ మీలాంటి వాళ్ళవి చాలా చేశాను.

నేను 1970లో చేరాను. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక సమితి. పేరు చెప్పను, ఆ ఊళ్ళో నాకు ఇంకా వియ్యాలవారున్నారు. ఎల్డీసీ, అంటే కింది తరగతి గుమాస్తా ఉద్యోగం. ఎడ్యుకేషన్ సెక్షన్ ఇచ్చారు. ఆ సీటు అంటే అందరికీ అసూయ, నాకు మాత్రం టెన్షన్. ఎందుకో చెబుతాను.

ప్రెసిడెంటుని ఎన్నుకునేది జనం కాదు, సమితి సభ్యులు. సభ్యులంటే ముఖ్యంగా ఊళ్ళ సర్పంచులు. మా సమితిలో నలభై చిల్లర పంచాయతీలు. అంటే ఒక మనిషి ప్రెసిడెంటు కావాలంటే ఇరవై పైచిలుకు మందిని గుప్పెట్లో పెట్టుకోవాలి. అంత తక్కువమంది చేతిలో అంత పెద్ద కుర్చీ ఉంటే ఏమవుతుంది? ఆ ఏడు ఒక వర్గం సర్పంచుల్ని బస్సెక్కించి తిరుపతి తీసుకెళ్ళింది. స్వామి దర్శనం అయిదు సార్లు అయింది. ఓటింగు రోజు పొద్దున్నే గుండ్లతో, నామాలతో దిగారు. వాళ్ళల్లో ఒకాయన రాత్రి గోడ దూకి పారిపోయాడని చెప్పుకునేవారు. నేను చూడలేదు. చూసింది గుండ్లే.

ఎన్నిక అయిపోయాక లెక్కలు తీర్చే పని మొదలవుతుంది. సర్పంచిని ఏమీ చేయలేరు, ఎన్నికైనవాడు. అతని ఇంట్లో ఎవరైనా టీచరు ఉన్నాడా? అక్కడ దొరుకుతాడు. ఒకాయన ఉండేవారు, మా ఆఫీసుకి రెండు మైళ్ళ ఊళ్ళో బడి. ఆయన బావమరిది సర్పంచి, అవతలి వర్గానికి ఓటేశాడు. జూన్‌లో బదిలీల ఫైలు నా బల్ల మీదకి వచ్చింది. మాస్టార్ని వాగు అవతలి ఊరికి వేయమన్నారు. వానాకాలం ఆ వాగు పొంగితే మూడు రోజులు దాటలేం. ఆయనకి చంటిపిల్ల. కారణం గడిలో ఏం రాయాలో నాకు అప్పటికే అలవాటైపోయింది: 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా'. ఆ రెమింగ్టన్ మిషన్‌లో 'ష' సరిగా పడేది కాదు, వంకరగా పడేది. నేను కొట్టిన ప్రతి బదిలీ ఉత్తర్వులోనూ 'దృష్ట్యా' వంకరగానే ఉంటుంది. ఇప్పుడెవరి దగ్గరైనా ఉంటే చూడండి, నాది అని గుర్తుపట్టొచ్చు.

మాస్టారు ఉత్తర్వు తీసుకోవడానికి వచ్చి, చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఇందులో సౌలభ్యం ఎవరికయ్యా?" అన్నారు. నేను తల ఎత్తలేదు. అక్నాలెడ్జిమెంటు పుస్తకం ముందుకి తోశాను, సంతకం పెట్టమని. యాభై ఏళ్ళు దాటింది. ఇప్పుడైనా ఒప్పుకుంటున్నాను, ఆ రోజు కనీసం తల ఎత్తాల్సింది.

అంతటితో సమితి మొత్తం పాడు అని రాసేయమంటారా? అలా రాయలేను. అదే సమితిలో, అదే వేసవిలో, ఒక హరిజనవాడకి మంచినీళ్ళ బావి మంజూరైంది. ఆ ఊరి సర్పంచి మీటింగులో లేచి, 'మా వాడలో ఆడవాళ్ళు మైలు నడిచి బిందె తెస్తున్నారు, మీరు ఇక్కడ టీలు తాగుతున్నారు' అని అరిచాడు. బీడీవో అక్కడికక్కడే ఓవర్సీరుని నిలబెట్టి అంచనా ఎప్పుడిస్తావని అడిగారు. ఆ సర్పంచి హైదరాబాదు పోయి ఎవరినీ బతిమాలలేదు. అరవడానికి ఒక గది ఉండేది, వినక తప్పని ఆఫీసరు ఎదురుగా ఉండేవాడు. ఆ దగ్గరతనం వల్లే బావి వచ్చింది, ఆ దగ్గరతనం వల్లే మాస్టారు వాగు దాటారు.

ఏలూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: బీడీవో, ప్రెసిడెంటు, వీళ్ళిద్దరిలో ఎవరు గొప్ప? చట్టంలో ఏముంది? గ్రామసేవకులు ఏం చేసేవారు?

బాబూ, చట్టంలో బీడీవో ముఖ్య కార్యనిర్వహణాధికారి, సమితి తీర్మానాలు అమలు చేయాలి. ప్రెసిడెంటు ఆయన మీద పరిపాలనా పర్యవేక్షణ చేస్తారు. పరీక్షలో ఇంతవరకు రాయి.

పరీక్షలో రాయకూడనిది ఇప్పుడు చెబుతాను. ఎవరు గొప్పో తేల్చేది జీపు. బ్లాకుకి ఒక జీపు ఉండేది. అది ఎవరి ఇంటి ముందు ఆగి ఉంటే ఆ నెల వాళ్ళదే రాజ్యం. దానికి ఒక లాగ్ బుక్కు: ఏ ఊరు, ఎన్ని మైళ్ళు, ఏ పని మీద. కొన్నాళ్ళు ఆ బుక్కు నా దగ్గర ఉండేది. పెళ్ళిళ్ళ సీజన్‌లో ప్రెసిడెంటుగారు రోజూ జీపులో వెళ్ళేవారు, నేను 'పాఠశాల తనిఖీ' అని రాసేవాణ్ణి. ఆడిట్ వాళ్ళు వచ్చి ఒక పేజీ తీసి అడిగారు: ఒకే ఊరి బడిని ఒకే నెలలో ఆరుసార్లు తనిఖీ చేశారు, ఏమిటి విశేషం? ఆ బడికి ఉన్నది ఒకే పంతులు, ఆ నెల వేసవి సెలవులు. బీడీవోగారు నన్ను చూశారు. నేను సీలింగు ఫ్యాను చూశాను. కరెంటు లేదు, తిరగడం లేదు.

జిల్లాలో ఇంకో రకం. జిల్లా పరిషత్తుకి చైర్మన్ ఎన్నికైన మనిషే, అయితే పనంతా నడిచే స్థాయీ సంఘాలకి అధ్యక్షత వహించేది కలెక్టరు. మన రాష్ట్రం పెట్టుకున్న ఏర్పాటు అది. అంటే పైన కలెక్టరు ముక్కుతాడు, కింద సర్పంచుల గోల. మధ్యలో బీడీవో బతుకు మద్దెల బతుకే.

గ్రామసేవకుల గురించి కూడా అడిగావు. వాళ్ళకి సామర్లకోట, బాపట్ల, శ్రీకాళహస్తి లాంటి చోట్ల శిక్షణ కేంద్రాలుండేవి. ఖాకీ సంచీ, సైకిలు, సంచిలో ఎరువుల కరపత్రాలు. జపాను పద్ధతిలో వరి వరసల్లో నాటమని చెప్పింది వాళ్ళే, తరవాత ఐఆర్-8 అనే కొత్త వరి విత్తనం తెచ్చి, 'బస్తా తక్కువైతే నాది పూచీ' అని రైతుతో ఒట్టేసింది వాళ్ళే. గ్రామసేవికలు పొగలేని పొయ్యి పెట్టమని ఇంటింటికీ తిరిగేవారు. మా అమ్మ ఆ పొయ్యి పెట్టించుకుని, గొట్టంలో పిచ్చుక గూడు పెట్టిందని వదిలేసింది.

రాజమహేంద్రవరం దగ్గర ఒక పల్లె నుంచి: మా ఊరి పాత సత్రం గోడ మీద 'తాలూకా బోర్డు, 1927' అని చెక్కి ఉంది. ఇదీ మీ సమితేనా?

కాదండీ, సమితికి తాతగారు. సర్కారు జిల్లాలు, అంటే మన కోస్తా జిల్లాలు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి సంస్థ. 1871లో రోడ్ల కోసం, బడుల కోసం శిస్తు మీద కాస్త సెస్సు వేసి 'లోకల్ ఫండు' అని ఏర్పాటు చేశారు. రిప్పన్ దొర 1882లో స్థానిక పాలన గురించి తీర్మానం చేశాక, 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. జిల్లాకి జిల్లా బోర్డు, దాని కింద తాలూకా బోర్డు. మొదట్లో అధ్యక్షులు ఎక్కువగా అధికారులే. 1920 చట్టంతో ఎన్నికైన వాళ్ళు వచ్చారు. రోడ్లు, సత్రాలు, బడులు, ఆసుపత్రులు, రేవులు వాళ్ళ చేతిలో ఉండేవి. మీ సత్రం ఆ కాలానిది. 1934లో తాలూకా బోర్డులు రద్దు చేసి వాటి పనంతా జిల్లా బోర్డులకి ఇచ్చేశారు. అంటే మీ గోడ మీద రాయి చెక్కిన ఏడేళ్ళకి ఆ బోర్డు పోయింది. రాయి ఉంది. సున్నం వేసేటప్పుడు ఆ అక్షరాలు పూడ్చేయనివ్వకండి.

లోకల్ ఫండు మాట ఇంకా చావలేదు. పంచాయతీల లెక్కలు చూసే శాఖ బోర్డు మీద 'స్టేట్ ఆడిట్' అని ఉన్నా, మా తరం వాళ్ళకి అది 'లోకల్ ఫండ్ ఆడిట్'. జీపు లాగ్ బుక్కులో నన్ను పట్టుకున్నది వాళ్ళే కాబట్టి ఆ పేరు నేను మర్చిపోను.

నిజాం వైపు కథ వేరు. ఆ ఉత్తరాలు రెండు వచ్చాయి, ఇంకోసారి విడిగా రాస్తాను.

తెనాలి నుంచి: ఫిర్కా అంటే?

తాలూకాలో కొన్ని ఊళ్ళ గుంపు. దానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. సమితికీ దానికీ సంబంధం లేదు. 1985లో తాలూకాలతో పాటు పోయింది.

ఒంగోలు నుంచి ఒక మాజీ ఎంపీటీసీ సభ్యుడు: సమితులు పోయి మండలాలు వచ్చాక ఆఫీసు జనానికి దగ్గరైంది కదా? మళ్ళీ ఆ పాత పాట ఎందుకు?

దూరం విషయంలో మీ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. సమితాఫీసుకి రావాలంటే మా దగ్గర చివరి ఊరివాళ్ళు తెల్లవారకముందే బయల్దేరేవారు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు తీసేసింది. 1985లో తాలూకాలు, ఫిర్కాలు తీసేసి 1,100 పైచిలుకు మండలాలు పెట్టింది. 1986 చట్టంతో సమితులూ పోయాయి. మూడు వందల పైచిలుకు సమితుల చోట మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. 1987 ఎన్నికల్లో మండలాధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకున్నారు. బీసీలకి 20 శాతం, ఆడవాళ్ళకి 9 శాతం అధ్యక్ష పదవులు కేటాయించారు. అంతకుముందు మా సమితి ప్రెసిడెంటు కుర్చీలో నేను చూసిన మనుషులందరూ రెండు కులాల వాళ్ళు. ఆ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చోవడం చూసి మా అటెండరు వాళ్ళ ఊరికి జాబు రాశాడు. తిరుపతి బస్సులూ ఆగాయి, కొన్నాళ్ళు.

నా బాధ వేరే చోట ఉంది. సమితిలో సర్పంచి సభ్యుడు. లేచి అరిస్తే ఆ అరుపు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కేది. ఓటుండేది. 1994 చట్టం వచ్చాక మండల పరిషత్తుకి విడిగా ఎంపీటీసీలని ఎన్నుకోవడం మొదలైంది. సర్పంచి శాశ్వత ఆహ్వానితుడు అయ్యాడు. మాట బాగుంది, పెళ్ళి శుభలేఖలా ఉంది. వస్తాడు, కూర్చుంటాడు, మాట్లాడతాడు, ఓటు లేదు. ఓటున్న ఎంపీటీసీకి ఊళ్ళో పంచాయతీ లేదు, సంతకం పెట్టే చెక్కు లేదు. మీరు ఎంపీటీసీగా చేశారు కాబట్టి మీకు నేను చెప్పక్కర్లేదు. ఊరికి డబ్బు తెచ్చే మనిషీ, మండలంలో ఓటేసే మనిషీ ఇద్దరయ్యారు. ఆ ఇద్దరికీ పడకపోతే బావి గురించి ఎవరు అరవాలి?

ఇది గుమాస్తా అభిప్రాయం. కాదనడానికి మీకు హక్కుంది, వచ్చే సంచికలో వేస్తాం.

సమితి విడిపోయిన రోజుల సంగతి ఒకటి చెప్పాలి. మా సమితి మూడు మండలాలైంది. బల్లలు, కుర్చీలు, బీరువాలు, టైపు మిషన్లు మూడు వాటాలు వేయమన్నారు. అన్నదమ్ముల ఆస్తి పంపకంలా ఉండేది. గోడ గడియారం ఒకటే, ముగ్గురూ కావాలన్నారు. చివరికి దాన్ని ఉన్న గోడకే వదిలేశాం. జీపు పాత హెడ్‌క్వార్టర్స్‌కే దక్కింది, అప్పటికి అది నెడితే గానీ కదిలేది కాదు. నా రెమింగ్టన్ రెండో మండలానికి పోయింది. అసలు కష్టం రిజిస్టర్లది. ఒకే ఆస్తుల రిజిస్టరులో మూడు మండలాల బావులూ బడులూ కలిసి ఉన్నాయి. పుస్తకాన్ని చింపలేం కదా. ముగ్గురు గుమాస్తాలం పది రోజులు కూర్చుని చేత్తో నకళ్ళు రాసుకున్నాం. అలా రాసేటప్పుడే ఆ హరిజనవాడ బావి పేజీ నా చేతికి వచ్చింది. అది మూడో మండలంలో పడింది. కొలతలు, ఖర్చు, పూర్తయిన తేదీ నా చేతి రాతతోనే ఉన్నాయి, మళ్ళీ నేనే నకలు రాశాను.

గుడివాడ నుంచి ఒక ఇల్లాలు: మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. ఇప్పటికీ ఎంపీడీవో ఆఫీసుని 'బ్లాకాఫీసు' అంటుంది. పిల్లలు నవ్వుతారు. సరిదిద్దమంటారా?

వద్దమ్మా. మీ అత్తగారు 1952 నాటి మాట అంటోంది. దాని మీద సమితి వచ్చి పోయింది, మండలం వచ్చింది, ఆఫీసరు పేరు బీడీవో నుంచి ఎంపీడీవో అయింది. పోయిన నెల నేను మా పాత ఊరికి పెళ్ళికి వెళ్ళి, బస్టాండులో ఆటో ఎక్కి, ఊరికే చూద్దామని 'బ్లాకాఫీసు' అన్నాను. ఆటో నడిపే కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. "ముప్ఫై రూపాయలండీ" అన్నాడు. సరిగ్గా ఆ గేటు ముందే దింపాడు.